బారామహల్ : పటము నుండి చెరిగినా పత్రాలలో మిగిలిన సీమ

మన సరిహద్దు పల్లెలలో ఏ ఇంటి పాత పెట్టె తెరచి చూచినా మూడు తరాల కాగితాలు కనబడును. తాతగారి పేరిట వ్రాసిన క్రయపత్రములో "సేలం జిల్లా, హోసూరు తాలూకా" అని ఉండును. తండ్రిగారి పట్టాలో అదే భూమి "ధర్మపురి జిల్లా"లో ఉండును. కుమారుని పేర వచ్చిన కంప్యూటరు చిట్టాలో అది "కృష్ణగిరి జిల్లా"కు చేరును. పొలము గట్టు జరుగలేదు, బావి జరుగలేదు, గ్రామదేవత గుడి జరుగలేదు. జరిగినది కచ్చేరీ మాత్రమే. ఇంకొక్క తరము వెనుకకు, అనగా రెండు వందల సంవత్సరాల వెనుకకు పోయినచో ఆ కాగితములపై సేలం పేరు సైతము లేదు. అప్పుడు ఈ ప్రాంతమునకు బారామహల్, బాలాఘాట్ అనే పేర్లు ఉండెడివి. ఆ పేర్లు నేడు పాఠ్యపుస్తకాలలో కూడ అరుదు. అయినను మన పొలముల హద్దులు, శిస్తు పద్ధతి, పట్టా అనే మాటకు నేడున్న అర్థము, అన్నియు ఆ రెండు సీమలలో పుట్టినవే. కనుక వాటి చరిత్రను మన పల్లె కుటుంబాలు ఒకసారి తెలిసికొనుట అవసరము.

మొదట నేలను చూతము. పూర్వపు సేలం జిల్లాను ప్రకృతి మూడు మెట్లుగా అమర్చినది. పై మెట్టు బాలాఘాట్. అది మైసూరు పీఠభూమికి తూర్పు అంచు, సముద్ర మట్టమునకు సుమారు మూడు వేల అడుగుల ఎత్తు. హోసూరు, దెంకణికోట, బాగలూరు, బేరికె, సూళగిరి ఈ మెట్టు మీదివి. నడిమి మెట్టు బారామహల్. కృష్ణగిరి, ధర్మపురి, తిరుపత్తూరు, వాణియంబాడి అందులోనివి. అది చుట్టూ కొండలు గల పళ్ళెము వంటి లోయ. దానికి దక్షిణమున, తొప్పూరు కనుమ దిగిన పిదప, సేలం, నామక్కల్, ఆత్తూరు గల తాలాఘాట్. బెంగళూరు నుండి బస్సులో వచ్చువారు ఈ మెట్లను శరీరముతోనే గుర్తించవచ్చును. హోసూరులో చల్లగా ఉన్న గాలి, సూళగిరి దాటి మేలుమలై కనుమ దిగి కృష్ణగిరి చేరుసరికి వేడెక్కును. సుమారు యాభై కిలోమీటర్ల ప్రయాణములో మూడు నాలుగు వందల మీటర్ల ఎత్తు దిగిపోదుము. సూళగిరి సరిగా ఆ మెట్టు అంచున నిలిచిన ఊరు. శూలము వలె నిలిచిన కొండ పేరే ఊరికి వచ్చినదని పెద్దల మాట.

నీటి సంగతి కూడ ఇంతే. కర్ణాటకలోని నంది కొండలలో పుట్టిన దక్షిణ పినాకిని హోసూరు వద్ద కెలవరపల్లి జలాశయము, పిదప కృష్ణగిరి జలాశయము నింపి, కడలూరు వద్ద బంగాళాఖాతములో కలియును. తమిళులు దానిని తెన్‌పెణ్ణై అందురు. కుప్పం వైపు నుండి వచ్చు మార్కండేయ నది కృష్ణగిరి దగ్గర దానిలో చేరును. దెంకణికోట వైపున పుట్టిన చిన్నారు మాత్రము పడమటి వాలున కావేరికి పోవును. మూడు రాష్ట్రాల నీరు కలియు నేల ఇది. మూడు భాషలు కలియుటలో ఆశ్చర్యమేమున్నది?

బారా అనగా పన్నెండు. మహల్ అనగా ఏమి? పన్నెండు కోటలు గల సీమ కనుక బారామహల్ అని చాలమంది వ్రాసిరి. కృష్ణగిరి, జగదేవి, మహారాజగడ, తట్టక్కల్ మొదలైన దుర్గముల పేర్లను వరుసగా చెప్పుదురు. అయితే ఒకరి పట్టికకు మరొకరి పట్టికకు పొంతన కుదరదు. ఒకరు చేర్చిన కోటను ఇంకొకరు విడిచిపెట్టిరి. ముస్లిం పాలనలో మహల్ అనే మాట శిస్తు వసూలు విభాగమునకు కూడ వాడుక. పన్నెండు కోటల కథ వినుటకు ఇంపుగా ఉన్నను, పన్నెండు శిస్తు విభాగములు అనుటయే ఈ వ్యాసకర్తకు ఎక్కువ సబబుగా తోచుచున్నది. ఒక్కొక్క విభాగమునకు ఒక్కొక్క కోట కచ్చేరీగా ఉండెననుకొన్నచో రెండు అర్థములును పొసగును.

ఈ సీమను ఏలినవారి వరుస పొడవైనది. అనంతపురం సీమలోని హేమావతి రాజధానిగా గల నొళంబులు ధర్మపురి వరకు పాలించిరి. పిదప చోళులు వచ్చిరి. పదమూడవ శతాబ్దములో హొయసల రామనాథుడు కృష్ణగిరికి ఉత్తరమున ఉన్న కుందాణిని రాజధానిగా చేసికొనెను. ఆ వెనుక విజయనగరము. పదునారవ శతాబ్దము చివర బీజాపూరు సేనలు పెనుకొండ మీదికి వచ్చినపుడు కోటను నిలబెట్టిన జగదేవరాయలకు ఈ సీమ దక్కెను. జగదేవి గ్రామము ఆయన పేరిటిదే. తరువాత ఆయన వంశమువారు చన్నపట్టణము నుండి పాలించిరి. పదునేడవ శతాబ్దములో బీజాపూరువారు, మైసూరు ఒడయరులు మార్చి మార్చి ఈ కోటలను పట్టుకొనిరి.

ఇక్కడ మనవారు చాలమంది ఎరుగని సంగతి ఒకటి ఉన్నది. పదునెనిమిదవ శతాబ్దము మొదటి పాదములో కడప నవాబు అబ్దుల్ నబీఖాన్ బారామహల్‌ను తన ఏలుబడిలోనికి తెచ్చుకొనెను. 1760 ప్రాంతమున హైదర్ అలీ చేతికి చిక్కువరకు, అనగా ఇంచుమించు నలుబది సంవత్సరములు, కృష్ణగిరి శిస్తు కడపకు పోయినది. భాషను బట్టి రాష్ట్రములు గీయవలెనని ఎవరును తలంపని కాలములో, తెలుగు గడ్డ నుండి ఈ సీమకు పాలన సాగినదన్నమాట.

కంపెనీవారి రాక

హైదర్, టిప్పు సుల్తానులకు బారామహల్ మైసూరు వాకిలి. మద్రాసు నుండి శ్రీరంగపట్టణము మీదికి వచ్చు సైన్యమునకు ఈ కనుమలు ఒక ముఖ్యమైన దారి. అందుచేత ప్రతి మైసూరు యుద్ధములోను మన ఊళ్ళు నలిగినవి. 1768లో ఇంగ్లీషువారు కృష్ణగిరిని, హోసూరును పట్టుకొని, పిదప పోగొట్టుకొనిరి. 1791 జూలైలో హోసూరు, రాయకోట వారి వశమాయెను. కాని అదే సంవత్సరము నవంబరులో మాక్స్‌వెల్ దొర కృష్ణగిరి దుర్గము మీదికి పంపిన దండు కొండ ఎక్కలేక వెనుదిరిగినది. నేడు ఆ కొండ మీది కోటను చూచినవారికి అందలి కారణము చెప్పనక్కరలేదు.

1792 మార్చిలో జరిగిన శ్రీరంగపట్టణ సంధి వలన టిప్పు తన రాజ్యములో సుమారు సగము వదలుకొనెను. అందులో బారామహల్, సేలం, దిండిగల్, మలబారు కంపెనీ వాటాకు వచ్చినవి. బాలాఘాట్, అనగా మన హోసూరు సీమ, టిప్పుకే మిగిలినది. ఏడు సంవత్సరముల పాటు ఈ మెట్టు అంచే రెండు రాజ్యములకు పొలిమేర. ఈ సీమ రాష్ట్ర సరిహద్దుగా మారుట 1956లో మొదలు కాలేదు. 1799 మార్చిలో జనరల్ హారిస్ సైన్యము రాయకోట మీదుగా కెలమంగళము వద్ద మైసూరు గడ్డపై అడుగు పెట్టెను. మే 4న టిప్పు మరణించెను. ఆ మీదట హోసూరు సీమ కూడ కంపెనీ చేతికి వచ్చి, కాలక్రమమున సేలం జిల్లాలో భాగమాయెను.

అసలు కథ 1792లో కాగితముల మీద మొదలాయెను. కొత్తగా వచ్చిన సీమను పాలించుటకు కంపెనీవారు సివిలు ఉద్యోగులను కాక సైనికాధికారిని పంపిరి. ఆయనే కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్. ఆయనకు ముగ్గురు సహాయకులు. గ్రాహం కృష్ణగిరిలో, మెక్లియాడ్ సేలంలో, థామస్ మన్రో ధర్మపురిలో ఉండిరి. రీడ్ నివాసము తిరుపత్తూరు. ఊరూరా పొలములు కొలిపించి, ప్రతి చెక్కకు సంఖ్య వేసి, మన్ను రకము వ్రాసి, ఎవరు సాగు చేయుచున్నారో పేరు పేరునా నమోదు చేయించిరి. రైతుకు, ప్రభుత్వమునకు నడుమ జమీందారు గాని గుత్తదారు గాని లేకుండ, రైతే నేరుగా శిస్తు చెల్లించు పద్ధతి ఆ కొలతల నుండి రూపు దిద్దుకొన్నది. 1796 నాటికి రైతు తనకు కావలసిన పొలము ఉంచుకొనవచ్చును, వద్దన్నది వదలవచ్చును అని రీడ్ ప్రకటించెను. రైత్వారీ అని దేశమంతటా పేరు పొందిన పద్ధతికి ఇదియే పుట్టినిల్లు.

ఇందులో దొరల దయాగుణమే చూచుట పొరబాటు. శిస్తు అప్పటి పంటకు భారమే. రైతు పొలము వదలవచ్చునన్న స్వేచ్ఛ, పండనప్పుడు కూడ శిస్తు కట్టలేనివానికి పొలము వదలుట తప్ప గతి లేదను అర్థము కూడ ఇచ్చినది. అయినను ఒక్క మేలు మిగిలినది. సాగుదారుని పేరు ప్రభుత్వ పుస్తకములో ఎక్కినది.

మన్రో 1799 వరకు బారామహల్‌లో ఉండి, కెనరాకు పోయి, 1800లో నిజాము వదలిన దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా వెళ్ళెను. కడప, అనంతపురం, బళ్ళారి, కర్నూలు సీమల రైతులకు ఆయన అమలు చేసిన పద్ధతి ధర్మపురిలో నేర్చినదే. 1820లో మద్రాసు గవర్నరై రైత్వారీని రాజధాని అంతటికి స్థిరపరచి, 1827 జూలై 6న కర్నూలు సీమలోని పత్తికొండలో కలరాతో మరణించెను. రాయలసీమలో మన్రో పేరు కథలుగా మిగిలినది. ఆ కథలకు మూలమైన పాఠశాల మన ప్రక్కనే ఉన్నదని ఇక్కడివారే మరచిరి.

నడుమ ఒక వింత జరిగినది. 1802 ప్రాంతమున కంపెనీవారు మనసు మార్చుకొని, బెంగాలు పద్ధతిని ఇక్కడ ప్రవేశపెట్టిరి. గ్రామములను కట్టలు కట్టి మిట్టాలుగా వేలము వేసిరి. కొన్నవారు మిట్టాదారులైరి. చాలమంది శిస్తు కట్టలేక దివాలా తీయగా మిట్టాలు తిరిగి సర్కారు చేతికి వచ్చెను. హోసూరు మెట్టు మీద మాత్రము మిట్టాల కంటె పాతవైన పాళెములు నిలిచినవి. సూళగిరి, బాగలూరు, బేరికె, అంకుశగిరి పాళెగాండ్ర ఎస్టేట్లు ఈ కోవలోనివి. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టముతో ఆ వ్యవస్థ ముగిసినది. ఒకే ఫిర్కాలో ఒక ఊరికి పాత రైత్వారీ లెక్కలుండి, ప్రక్క ఊరికి 1948 తరువాతి సెటిల్మెంటు లెక్కలే దొరకుటకు కారణము ఇదే. ఏ ఊరు సర్కారు గ్రామము, ఏది ఎస్టేటు గ్రామము అనునది తెలియక కచ్చేరీలో వెదకినచో రోజులు వృథా.

కచ్చేరీ దూరము

పందొమ్మిదవ శతాబ్దము నడుమ కొంతకాలము సేలం జిల్లా కలెక్టర్లు హోసూరులో నివసించి పాలించిరి. చల్లని వాతావరణమే అందుకు కారణము. బ్రెట్ అను కలెక్టరు ఇక్కడ ఇంగ్లాండులోని కోటను పోలిన భవనము కట్టించెను. నేడది శిథిలము. దొరలకు హోసూరు చల్లదనము నచ్చినది గాని, నామక్కల్ రైతు అర్జీ పట్టుకొని అంత దూరము ఎక్కి రావలెను గదా! కచ్చేరీ సేలమునకు మరలిన పిదప ఆ కష్టము మన వంతైనది. సూళగిరి నుండి సేలం సుమారు 135 కిలోమీటర్లు. ఈ దూరము తగ్గించుటకు 1905 నుండి 1913 వరకు తిరుపత్తూరు-కృష్ణగిరి, మొరప్పూరు-ధర్మపురి-హోసూరు చిన్న రైళ్ళు వేసిరి. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున, 1941లో, వాటిని ఎత్తివేసిరి.

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడిన మార్పులలో తిరుపత్తూరు తాలూకా సేలం నుండి ఉత్తర ఆర్కాడునకు పోయినది. బారామహల్ ముక్కలగుట అప్పుడే మొదలు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము, 1956 నవంబరు 1న భాషా రాష్ట్రములు వచ్చినవి. తెలుగు, కన్నడము, తమిళము మూడును ఇంటి భాషలుగా గల హోసూరు తాలూకా సేలం జిల్లాతో పాటు మద్రాసు రాష్ట్రములోనే నిలిచినది. పటస్కరు నిర్ణయము ననుసరించి 1959లో పార్లమెంటు చేసిన చట్టము 1960 ఏప్రిల్ 1న అమలులోనికి రాగా, చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి తాలూకా, పళ్ళిపట్టు ప్రాంతము మద్రాసునకు, చెంగల్పట్టు, సేలం జిల్లాలలోని కొన్ని గ్రామములు ఆంధ్రకు మారినవి. అట్లు సేలం నుండి ఆంధ్రకు పోయిన పల్లెల పాత పత్రములపై నేటికిని సేలం ముద్రయే ఉండును.

పిదప 1965 అక్టోబరు 2న సేలం నుండి ధర్మపురి జిల్లా వేరైనది. కచ్చేరీ డెబ్బది కిలోమీటర్లకు దగ్గరాయెను. 2004 ఫిబ్రవరి 9న కృష్ణగిరి జిల్లా ఏర్పడి ఆ దూరము పాతిక కిలోమీటర్లకు తగ్గినది. 2011 జనాభా లెక్కల ప్రకారము ఈ జిల్లా జనసంఖ్య 18,79,809. అటు పిమ్మట సూళగిరికే తాలూకా కచ్చేరీ వచ్చినది. 2019లో హోసూరు నగరపాలక సంస్థయైనది. ఆ సంవత్సరమే నవంబరులో తిరుపత్తూరు ప్రత్యేక జిల్లాగా విడివడినది. నాటి బారామహల్ నేడు కృష్ణగిరి, ధర్మపురి, తిరుపత్తూరు అను మూడు జిల్లాలలో పరచుకొని ఉన్నది. మూడింటిలో ఏ ఒక్కటియు ఆ పేరు పెట్టుకొనలేదు.

పేరు పోయిన సీమ ఇదొక్కటే కాదు. దక్షిణాఫ్రికాలో నటాల్ అను రాష్ట్రముండెడిది. 1860 నవంబరు 16న మద్రాసు నుండి ట్రూరో అను ఓడ డర్బను రేవు చేరినది మొదలు 1911 వరకు లక్షన్నర మందికి పైగా భారతీయ కూలీలు ఆ చెరకు తోటలకు పోయిరి. వారిలో తెలుగువారు చాలమంది. వారి వంశీయులు 1931లో అక్కడ ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. 1910లో దక్షిణాఫ్రికా సమాఖ్యలో ఒక రాష్ట్రమైన నటాల్, 1994 ఏప్రిల్‌లో పాత నాలుగు రాష్ట్రములు రద్దయి తొమ్మిది ఏర్పడినపుడు క్వాజులు-నటాల్‌లో కలిసిపోయినది. ఆనాటి ఓడ పట్టికలలో ఒక్కొక్క కూలీ జిల్లా, తాలూకా, గ్రామము వ్రాసియున్నవి. ముత్తాత ఊరు వెదకికొనుచు వచ్చు మనుమడు ఆ పట్టికలోని సేలం, ఉత్తర ఆర్కాడు అను పేర్లను నేటి పటములో పెట్టి చూచినచో దారి తప్పును. 1890లో సేలం జిల్లా తిరుపత్తూరు అని వ్రాసిన ఊరు నేటి సేలంలో లేదు. ఆ ఊరి జిల్లా అప్పటి నుండి నాలుగు మారులు మారినది.

నేడు మనకు పనికివచ్చు మాట

పాత కాగితము చేత పట్టుకొనువారు మొదట దాని మీది సంవత్సరము చూడవలెను. 1965 అక్టోబరునకు ముందుదైతే సేలం, అటుపై 2004 ఫిబ్రవరి వరకు ధర్మపురి, ఆ తరువాత కృష్ణగిరి. ఇంకొక మెట్టు 1980. ఆ సంవత్సరము నవంబరులో తమిళనాడు ప్రభుత్వము కరణము, మునసబు పదవులను రద్దు చేసి గ్రామ పరిపాలనాధికారులను నియమించినది. సరిహద్దుకు అవతల ఆంధ్రలో ఇదే మార్పు 1984లో జరిగినది. తరతరములుగా కరణముల ఇండ్లలో ఉన్న లెక్కలు చేతులు మారినది ఆ కాలమునందే. తొరపల్లిలో 1878లో జన్మించిన రాజాజీ గారి తండ్రియు ఆ ఊరి మునసబే. ఆ పదవి పల్లెలో ఎంత బరువైనదో దీనిని బట్టి ఊహింపవచ్చును.

మూడవ మెట్టు మరీ ముఖ్యము. 1979 నుండి 1987 వరకు తమిళనాడులో భూమి రిజిస్టర్లను నవీకరించు పథకము జరిగినది. కచ్చేరీలో దానిని యు.డి.ఆర్. అందురు. అప్పుడు పాత సర్వే సంఖ్యలు అనేక చోట్ల ఉపసంఖ్యలుగా విడిపోయినవి. ఎకరములు, సెంట్లు పోయి హెక్టార్లు, ఏర్లు వచ్చినవి. ఉమ్మడి పట్టాలలో ఒక అన్నదమ్ముని పేరు ఎక్కి మరొకని పేరు తప్పిపోయిన తగవులు పెక్కింటికి మూలము ఈ సందులోనే దొరకును. కావున తాతగారి క్రయపత్రములోని సంఖ్యను నేటి చిట్టాతో నేరుగా పోల్చి భూమి పోయినదని బెంగపడక, నడుమ నున్న యు.డి.ఆర్. లెక్కను, గ్రామపు అ-రిజిస్టరును అడిగి చూడవలెను. ఎస్టేటు గ్రామములవారు వీటితో పాటు 1948 చట్టము క్రింద జరిగిన సెటిల్మెంటు లెక్కను కూడ అడుగవలెను. మరీ పాత సంగతులు కావలసినవారికి చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ప్రాచీన పత్రాలయము ఉన్నది. రీడ్ కాలపు బారామహల్ రికార్డులను మద్రాసు ప్రభుత్వము ఇరువదవ శతాబ్దము తొలి దశాబ్దములలో అచ్చు కూడ వేయించినది.

భాష విషయములోను సీమ గీతల ఫలితము మన బిడ్డలు అనుభవించుచున్నారు. 2006 నాటి తమిళనాడు తమిళ అభ్యాస చట్టము ప్రకారము ఒకటవ తరగతి నుండి తమిళము తప్పనిసరి యైనది. ఆ తొలి జట్టు 2015-16లో పదవ తరగతికి వచ్చినపుడు తెలుగు, కన్నడము, ఉర్దూ మాధ్యమముల విద్యార్థులు న్యాయస్థానమునకు పోయి మినహాయింపులు తెచ్చుకొనవలసి వచ్చినది. తమిళము నేర్చుటకు మనవారికి ఏనాడును బరువు లేదు. సంతలో, బస్సులో, కచ్చేరీలో మూడు భాషలు మాటలాడని మనిషి సూళగిరిలో అరుదు. ఇంటి భాషలో చదువు కావలెననుట వేరు సంగతి. ఆ వాదమునకు నిలబడవలసిన చోట కూడ, ఈ ఊళ్ళలో తెలుగు ఎప్పటినుండి ఉన్నదని అడుగువారికి చూపవలసినది ఆ పాత పత్రములే. వాటిని చెదలకు వదలక, ఒక నకలు తీయించి, ఏ సంవత్సరమున ఏ జిల్లాయో వెనుక పెన్సిలుతో వ్రాసి ఉంచుట ఒక సాయంత్రపు పని.